అనంతపురంలో రోజూ 24 కిలోమీటర్లు తిరగడానికి సొంతంగా ఎలక్ట్రిక్ సైకిల్ చేసుకోవాలంటే ఏ సామాను కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: సప్తగిరి సర్కిల్ దగ్గర ఇల్లు, ఎస్కే యూనివర్సిటీ వైపు ఉద్యోగం, పోను 12 కిలోమీటర్లు, రాను 12. ఇంట్లో 26 అంగుళాల చక్రాలున్న గేర్ల సైకిల్ ఉంది. చేతిలో 35 వేలున్నాయి. 1000 వాట్ల మోటారు పెట్టి గంటకు 45 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలని ఉంది. ఏ మోటారు, ఏ బ్యాటరీ, ఏ కంట్రోలర్ అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. 1000 వాట్లు వద్దు. వెనక చక్రానికి 250 వాట్ల గేర్డ్ హబ్ మోటారు (చక్రం మధ్యలోనే కూర్చునేది, లోపల పళ్ల చక్రాలుంటాయి), 48 వోల్టుల 12 ఏహెచ్ (యాంపియర్ అవర్లు) ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ (లిథియంలో ఒక రకం), 15 యాంపియర్లు దాటని సైన్ వేవ్ కంట్రోలర్ (మోటారుకు ఎంత కరెంటు పోవాలో చూసే డబ్బా), ముందు చక్రానికి డిస్క్ బ్రేకు. మీ డబ్బులో సగం దాకా బ్యాటరీకి, చార్జర్‌కి తీసిపెట్టండి. తర్వాత బ్రేకులు, టైర్లు. మోటారు మూడోది. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మోటారు పెద్దది కొని, మిగిలిన డబ్బులకు ఏది వస్తే ఆ బ్యాటరీ కొంటారు. ఆరు నెలల తర్వాత ఆ సైకిల్ మూలన పడి ఉంటుంది.

నాది మోటారు వైండింగ్ పని. ఇరవై ఏళ్లకు పైగా బోరు మోటార్లు చుడుతున్నాను. 2017 నుంచి సైకిళ్లకు కూడా మోటార్లు బిగిస్తున్నాను. ఇప్పటికి ముప్పైకి పైగా నా చేతుల మీదుగా వెళ్లాయి. కొన్ని ఇప్పటికీ తిరుగుతున్నాయి, కొన్ని చెడిపోయాయి. చెడినవే నాకు ఎక్కువ నేర్పాయి, అందుకే వాటి గురించే ఎక్కువ చెబుతాను.

వేగం లెక్క

మనిషి, సైకిల్, బ్యాటరీ అన్నీ కలిపి 100 కిలోలు అనుకుందాం. గాలి లేని రోజు చదును రోడ్డు మీద 25 వేగంతో పోవడానికి చక్రం దగ్గర సుమారు 170 వాట్లు చాలు. అదే 40 వేగానికి సుమారు 560 వాట్లు కావాలి. వేగం ఒకటిన్నర రెట్లు దాటితే శక్తి మూడు రెట్లు దాటింది. గాలిని చీల్చుకుని పోవడానికే ఎక్కువ భాగం ఖర్చవుతుంది.

పైగా మనది అనంతపురం. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢం వచ్చిందంటే నైరుతి నుంచి గాలి ఎట్లా కొడుతుందో మీకు తెలుసు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో ఎదురుగాలి ఉంటే, అదే 25 వేగానికి 170 కాదు, 350 వాట్లు కావాలి. అందులో 250 మోటారు ఇస్తుంది, 100 మీ కాళ్లు ఇస్తాయి. మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి అరగంట పాటు 100 వాట్లు తొక్కగలడు. లెక్క అక్కడికి సరిపోయింది.

12 కిలోమీటర్లకు 25 వేగంతో 29 నిమిషాలు, 40 వేగంతో 18 నిమిషాలు. సర్కిళ్లు, స్పీడు బ్రేకర్లు, గేదెలు, ఆటోలు కలిస్తే ఆ 11 నిమిషాల తేడా ఏడెనిమిదికి దిగుతుంది. ఆ కాస్త టైము కోసం రెట్టింపు బ్యాటరీ మోయాలి.

అందుకే నేను ఎవరికి చేసినా అత్యధిక వేగం చూడను. గాలి ఎదురైనా, బ్యాటరీ పావు వంతే మిగిలినా, టవర్ క్లాక్ దగ్గర బ్రిడ్జి ఎక్కుతున్నా వేగం పడిపోకుండా ఉందా అని చూస్తాను. రోజూ ఆఫీసుకు పోయేవాళ్లకు ఆ నిలకడ ఉంటే చాలు, టైముకు చేరతారు.

చట్టం సంగతి

దీన్ని దాటవేయకండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం మోటారు 30 నిమిషాల పాటు నిలకడగా ఇచ్చే శక్తి 0.25 కిలోవాట్ల లోపు ఉండాలి. వేగం 25 లోపు ఉండాలి. బ్యాటరీని మినహాయించి బండి బరువు 60 కిలోలు దాటకూడదు. పెడల్ తొక్కితే సాయం చేసే రకమైతే, వేగం పెరిగేకొద్దీ మోటారు సాయం తగ్గుతూ 25 దగ్గర ఆగిపోవాలి. తొక్కడం ఆపినా ఆగిపోవాలి. ఇవన్నీ ఉన్నాయని నిబంధనల్లో చెప్పిన టెస్టింగ్ ఏజెన్సీ పరీక్షించి ఆమోదిస్తే అది మోటారు వాహనం కిందికి రాదు.

అది దాటితే రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఇన్సూరెన్సు అన్నీ కావాలి. ఇంట్లో చేసుకున్న బండికి టైప్ అప్రూవల్ (ఆ మోడల్‌ను పరీక్షించి ఇచ్చే ఆమోదం) ఉండదు కాబట్టి రిజిస్ట్రేషన్ కాదు. రేపు ఎవరినైనా తగిలితే ఇన్సూరెన్సు లేని మోటారు వాహనం నడిపినట్టే, నష్టపరిహారం మీ జేబులోంచి కట్టాలి. మీకు తప్పనిసరిగా 45 వేగమే కావాలంటే, రిజిస్ట్రేషన్ అయిన ఎలక్ట్రిక్ స్కూటర్ సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోండి. దానికి బ్రేకులు, చాసిస్ ఆ వేగానికి తగ్గట్టు చేసి ఉంటాయి.

మోటారు

ఇక్కడ నా వృత్తి అనుభవం పనికొస్తుంది. లో వోల్టేజీలో బోరు మోటారు ఎందుకు కాలుతుందో మన రైతులందరికీ తెలుసు. వోల్టేజీ తగ్గితే మోటారు తిరగాల్సిన వేగంతో తిరగలేదు, లోడు మాత్రం లాగుతూనే ఉండాలి, కరెంటు ఎక్కువ తీసుకుంటుంది, వైండింగ్ మాడుతుంది. హబ్ మోటారుకూ అదే కథ. 50 వేగానికి చుట్టిన మోటారును ఎదురుగాలిలో 18 వేగంతో నడిపితే, అది తన వేగంలో సగం కూడా అందుకోలేక వేడెక్కుతుంది. బ్యాటరీ కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది. హబ్ మోటారు బాగా పనిచేసేది, లోడు లేనప్పుడు తిరిగే వేగంలో ఎనభై శాతం దగ్గర.

కాబట్టి కొనేటప్పుడు వాట్లు అడిగి ఊరుకోకండి, ఆర్‌పీఎం ఎంతో అడగండి. 26 అంగుళాల చక్రం ఒక్క చుట్టుకు 2 మీటర్ల పైచిలుకు వెళ్తుంది. 25 వేగానికి నిమిషానికి 200 చుట్లు. 36 వోల్టుల దగ్గర 200 ఆర్‌పీఎం అని రాసిన మోటారును తీసుకుని మన బ్యాటరీకి (పేరుకు 48, నిజానికి 51 వోల్టులు) పెడితే 280 దాటుతుంది, అంటే ఖాళీగా 35 వేగం. లోడు మీద అందులో ఎనభై శాతం అంటే 28. కంట్రోలర్‌లో 25కి కట్టేస్తే మోటారు ఎప్పుడూ తనకు సుఖమైన చోటే ఉంటుంది. బ్యాటరీ చివరికి వచ్చినా 25 అందుతుంది. 36 వోల్టులు చాలవా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే.

గేర్డ్ హబ్ ఎందుకంటే బరువు మూడు కిలోల చుట్టూ ఉంటుంది, ఎత్తు బాగా ఎక్కుతుంది, కరెంటు ఆపితే లోపలి క్లచ్ వదిలేస్తుంది కాబట్టి మామూలు సైకిల్ లాగే తొక్కవచ్చు. దాని లోపల నైలాన్ పళ్ల చక్రాలు అరుగుతాయి. ఏడాదికోసారి విప్పి గ్రీజు మార్చితే చాలా కాలం వస్తాయి. గేర్లు లేని డైరెక్ట్ డ్రైవ్ రకం చప్పుడు చేయదు, అరిగేది బేరింగులే. కానీ దాదాపు రెట్టింపు బరువు, బ్యాటరీ అయిపోయిన రోజు దాన్ని తొక్కడం నరకం. పెడల్ దగ్గర బిగించే మిడ్ డ్రైవ్ మీ బడ్జెట్‌లో రాదు, చైను కూడా తొందరగా అరగదీస్తుంది.

చవగ్గా దొరికే 24 వోల్టుల ఎంవై1016జెడ్ మోటారును పక్కన బిగించి చైను వేసే పద్ధతి కూడా ఉంది. నా మొదటి సైకిల్ అదే. రెండు 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు క్యారియర్ మీద కట్టాను. మొదటి నెల సంతోషంగా తిరిగాను. ఐదో నెలకు సగం దూరం కూడా రాలేదు. లెడ్ బ్యాటరీని రోజూ అడుగంటా వాడితే అంతే, అందులో సగమే మనది అనుకోవాలి. కార్బన్ బ్రష్‌లు, చైను చప్పుడు, టెన్షన్ సరిచేయడం వేరే. నేర్చుకోవడానికి మంచిదే కానీ రోజూ 24 కిలోమీటర్లకు పనికిరాదు.

ముందు చక్రమా, వెనకా?

వెనకే. దీని మీద నా వల్ల జరిగిన ఒక తప్పు చెప్పాలి. 2018లో ఒక కుర్రవాడి సైకిల్‌కి ముందు చక్రంలో హబ్ మోటారు బిగించాను. వెనక ఫ్రీవీల్ కదిలించే పని ఉండదు, సులువు. అది అల్యూమినియం సస్పెన్షన్ ఫోర్క్. మోటారు చక్రాన్ని ముందుకు తోసినప్పుడు యాక్సిల్ వెనక్కి తిరగాలని చూస్తుంది. ఆ బలాన్ని ఆపేది ఫోర్క్ చివర యాక్సిల్ కూర్చునే చిన్న గాడి ఒక్కటే. యాక్సిల్ తిరగకుండా పట్టుకునే ఇనుప పట్టీ, అంటే టార్క్ ఆర్మ్, పెట్టమని ఎక్కడో చదివాను, నట్టు గట్టిగా బిగించాను కదా అని వదిలేశాను. రెండు నెలలకు ఆ గాడి అంచు విరిగి, యాక్సిల్ తిరిగి, వైర్లు తెగి చక్రం బయటికి వచ్చేసింది. పిల్లవాడు మొహం మీద పడ్డాడు. రెండు పళ్లు పోయాయి. ఆసుపత్రిలో వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ గుర్తుంది.

ఆ రోజు నుంచి టార్క్ ఆర్మ్ లేకుండా నా దగ్గర నుంచి ఒక్క సైకిల్ బయటికి పోలేదు. వెనక ఇనుప ఫ్రేమైనా సరే, ఐదారు మిల్లీమీటర్ల ఇనుప పట్టీ చాలు. యాక్సిల్ చదును భాగానికి బిగుతుగా కూర్చునేలా కోయించి, రెండో చివర ఫ్రేముకు క్లాంప్ వేయండి. వెల్డింగ్ షాపులో గంట పని.

బ్యాటరీ

ఎల్ఎఫ్‌పీ అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. సెల్లు 3.2 వోల్టులు. 32700 సైజు 6 ఏహెచ్ సెల్లు 16 వరుసలో, రెండేసి జతగా, మొత్తం 32 వేస్తే 51.2 వోల్టులు, 12 ఏహెచ్, సుమారు 614 వాట్ అవర్లు. మీకు రాను పోను గాలితో కలిపి 280 దాకా ఖర్చవుతుంది. సగం కూడా వాడరు. అదే నాకు కావాల్సింది. రోజూ సగమే వాడే బ్యాటరీ ఎక్కువ ఏళ్లు బతుకుతుంది. నాలుగేళ్ల తర్వాత దాని శక్తి ఇరవై శాతం తగ్గినా మీ ఆఫీసుకు పోయి రావచ్చు.

మామూలు ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఉండే లిథియం) రకం కంటే ఇది కిలోన్నర బరువు ఎక్కువ. దాన్ని భరించండి. మే నెలలో మన దగ్గర 40 దాటుతుంది, ఎండలో నిలబెట్టిన సైకిల్ మీద బ్యాటరీ డబ్బా 50 దాటుతుంది. ఎల్ఎఫ్‌పీ వేడికి బాగా తట్టుకుంటుంది, లోపల తేడా వచ్చినా అంత తేలిగ్గా అంటుకోదు. అస్సలు కాలదని మాత్రం అనుకోవద్దు. ఇంకో లాభం కూడా ఉంది. దీని వోల్టేజీ దాదాపు చివరి దాకా ఒకేలా ఉంటుంది. పొద్దున ఉన్న వేగమే సాయంత్రం తిరుగు ప్రయాణంలోనూ ఉంటుంది.

కొనేటప్పుడు మోసపోకండి. ఒకాయన బయటి ఊరి నుంచి తెప్పించిన "48 వోల్టులు, 12 ఏహెచ్" బ్యాటరీ తెచ్చాడు. 24 కిలోమీటర్లు కావాలంటే 9 దగ్గర ఆగిపోతోంది. ముందుగా తూకం వేశాను, రెండు కిలోలు కూడా లేదు. విప్పితే లోపల 26 చిన్న సెల్లు. 12 ఏహెచ్ అందులో పట్టనే పట్టదు. బ్యాటరీని కిరాణా కొట్టు కాటా మీద పెట్టండి. పైన చెప్పిన 32 సెల్లకే నాలుగున్నర కిలోలు అవుతుంది. అంతకంటే తక్కువ తూగితే అది మీరు అడిగింది కాదు.

పాత ల్యాప్‌టాప్ సెల్లు ఏరి ప్యాక్ కట్టిస్తామని చెప్పేవాళ్లుంటారు. టార్చిలైటుకు వాడుకోండి, సైకిల్‌కి వద్దు. ఒక్క సెల్లు బలహీనమైనా మిగతావన్నీ దాన్ని చంపేదాకా లాగుతాయి. సెల్లు టంకం పెట్టి అతికించకూడదు, నికెల్ పట్టీతో స్పాట్ వెల్డింగ్ చేయాలి. బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) 25 యాంపియర్లది, సెల్లను బ్యాలెన్స్ చేసేది పెట్టించండి.

చార్జర్ విషయంలో ఒక ప్రమాదం ఉంది. 16 వరుసల ఎల్ఎఫ్‌పీకి 58.4 వోల్టుల చార్జర్. 13 వరుసల ఎన్ఎంసీకి 54.6. పిన్ను ఒక్కటే, డబ్బా ఒక్కటే, రెండింటి మీదా "48 వోల్టులు" అనే ఉంటుంది. ఒక ఇంట్లో అన్నదమ్ముల సైకిళ్లకు ఈ రెండు రకాలూ ఉన్నాయి, చార్జర్లు తారుమారయ్యాయి. ఎన్ఎంసీ ప్యాక్ ఉబ్బి, డబ్బా పగిలింది. బీఎంఎస్ ఆపాలి కానీ చవకది, ఆపలేదు. ఇంట్లో అందరూ మెలకువగా ఉన్నారు కాబట్టి వైరు పీకి బయట పడేశారు. మీ చార్జర్ మీద మార్కర్‌తో వోల్టేజీ పెద్దగా రాయండి.

సెల్లు 45 డిగ్రీల పైన వేడిగా ఉంటే చార్జింగ్ పెట్టకూడదు. మధ్యాహ్నం ఎండలో వచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టకండి, గంట ఆగండి. మంచం మీద, పరుపు పక్కన వద్దు. మన ఇళ్లలో తాడిపత్రి బండల నేల ఉంటుంది, దాని మీద, పక్కన గుడ్డలూ కాగితాలూ లేని చోట పెట్టండి. పడుకుని నిద్రపోతూ చార్జ్ చేయవద్దు.

కంట్రోలర్, వైరింగ్

దీని మీద ఎక్కువ చెప్పాల్సింది లేదు. సైన్ వేవ్ రకం అయితే మోటారు చప్పుడు తగ్గుతుంది. బ్యాటరీ ఎంత ఇవ్వగలదో అంతకంటే ఎక్కువ లాగే కంట్రోలర్ కొనకండి. 15 యాంపియర్లు కూడా ఎత్తు ఎక్కేటప్పుడు కొద్దిసేపటికే. పెడల్ సెన్సర్, బ్రేకు పట్టగానే మోటారును ఆపే స్విచ్చున్న బ్రేకు లివర్లు రెండూ తప్పనిసరి. గాలి తగిలే చోట బిగించండి, మూసిన సంచిలో వేయకండి.

ఫ్యూజు బ్యాటరీకి ఆనుకుని ఉండాలి. కారు షాపులో దొరికే ఫ్యూజుల మీద చాలావాటికి 32 వోల్టులు అని రాసి ఉంటుంది. అది మన 58 వోల్టులకు సరిపోదు, తెగినా లోపల నిప్పు సాగుతూనే ఉండవచ్చు. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ కూడా వద్దు. సోలార్ సామాను అమ్మే షాపులో డీసీకి తగిన ఫ్యూజు, హోల్డరు అడగండి.

వాన మన దగ్గర తక్కువే, కానీ వచ్చినప్పుడు ఒక్కసారిగా వస్తుంది. మోటారు కేబుల్ యాక్సిల్ లోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లేలా కట్టండి. నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి. నేరుగా పైనుంచి దించితే కేబుల్ వెంట నీళ్లు లోపలికి పోయి హాల్ సెన్సర్లు (మోటారు ఎక్కడ తిరుగుతోందో కంట్రోలర్‌కి చెప్పేవి) పోతాయి. ఇట్లా పోయినవి నేనే నాలుగు మార్చాను.

బ్రేకులు, టైర్లు

25 వేగంలో బ్రేకు పట్టాలని తోచిన క్షణం నుంచి ఆగేదాకా, మంచి బ్రేకులతో 13 మీటర్లు పడుతుంది. 40 వేగంలో 26 మీటర్లు. అది కూడా రోడ్డు పొడిగా ఉంటే. రెండు ఆటోలు ఆపిన చోటు నుంచి గేదె బయటికి వస్తే మీకు 26 మీటర్లు దొరకవు. మీ సైకిల్ ముందు ఫోర్క్‌కి డిస్క్ బిగించే చోటు ఉంటే 160 మిల్లీమీటర్ల డిస్క్ వేయండి. లేకపోతే మంచి వి-బ్రేకులు, కొత్త ప్యాడ్లు. పాత కేబుళ్లు తీసేసి కొత్తవి వేయించండి, వాటికి అయ్యే ఖర్చు పెద్దదేం కాదు.

టైరు 1.95 అంగుళాలకు తగ్గకుండా తీసుకోండి. పల్లేరు కాయలు, కంప ముళ్లు మన రోడ్ల పక్కన ఎంతున్నాయో తెలిసిందే. ట్యూబుకు, టైరుకు మధ్య పంక్చర్ లైనర్ వేయండి. హబ్ మోటారున్న చక్రం రోడ్డు మీద విప్పడం కష్టం. అందుకని పంక్చర్ అయితే చక్రం విప్పకుండానే టైరు ఒక పక్క ఊడదీసి, ఆ ముక్క ట్యూబు బయటికి లాగి ప్యాచ్ వేయడం నేర్చుకోండి. అయినా యాక్సిల్ నట్టుకు సరిపోయే స్పానర్ సంచిలో ఉంచుకోండి. సాయంత్రం వచ్చేటప్పుడు వెనక ఎర్రలైటు వెలుగుతుండాలి. 48 నుంచి 12 వోల్టులకు దించే చిన్న కన్వర్టర్ పెడితే మెయిన్ బ్యాటరీ నుంచే లైట్లు వెలుగుతాయి.

మోటారు చక్రానికి స్పోకులు మొదటి వంద కిలోమీటర్లలో వదులవుతాయి. టిక్ టిక్ అని చప్పుడు వస్తే అదే. అప్పుడు ఒకసారి బిగించి, రిమ్ము బెండు తీయించండి. మళ్లీ మూడు వందల దగ్గర ఇంకోసారి.

ఏదైనా కొనే ముందు ఒక పని చేయండి. మీ సైకిల్ వెనక చక్రం విప్పి, ఫ్రేము రెండు గాడుల మధ్య దూరం స్కేలుతో కొలవండి. 135 మిల్లీమీటర్లు ఉంటే గేర్ల సైకిల్‌కి దొరికే వెనక హబ్ మోటారు నేరుగా కూర్చుంటుంది. అలాగే ఫ్రేము ఇనుమా, అల్యూమినియమా అన్నది అయస్కాంతం అంటించి చూడండి. కొలత, గాడి ఫొటో, వెనక ఎన్ని పళ్ల చక్రాలున్నాయో చెబితే టార్క్ ఆర్మ్ ఎట్లా కోయించాలో గీసి పంపుతాను.